శిథిలమైంది నగరమే, పేట కాదు

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో మా బడి పిల్లల్ని తీసుకుని పలాస నుంచి ముఖలింగం వెళ్లాం. ఒక బస్సు, అరవైమంది పిల్లలు, నలుగురు మాస్టర్లు, పులిహోర డబ్బాలు. టెక్కలి దాటాం, కోటబొమ్మాళి దాటాం, హైవే వదిలి జలుమూరు వైపు తిరిగి వంశధార ఒడ్డుకి చేరాం. మధుకేశ్వరుడి గుడి ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి మా చరిత్ర మాస్టారు చెప్పారు: "ఇదంతా ఒకప్పుడు మహానగరం. కళింగనగరం. మన పూర్వీకుల రాజధాని. ఇవాళ చూడండి, ఎలా పాడుబడిపోయిందో." ఆయన గొంతులో ఉన్నది నిజమైన బాధే. అప్పుడొక తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టే కూలి. "మాస్టారూ, అప్పుడు మనోలు ఎక్కడుండేవోరండి?" ఆయన "ఇక్కడే అమ్మా, ఈ నగరంలోనే" అన్నారు. పిల్ల ఊరుకోలేదు. "నగరం లోపలా, బయటాండీ?" అంది.

మాస్టారు జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం దళితులమే. ఆ ప్రశ్న నాతోపాటే బస్సెక్కి పలాస వచ్చింది. ఈ వ్యాసం దానికి జవాబు వెతికే ప్రయత్నం.

పాడుబడిన నగరం ముందు నిలబడి నిట్టూర్చడం మన సాహిత్యంలో ఒక పాత అలవాటు. హంపీ మీద, ఓరుగల్లు మీద, అమరావతి మీద ఎన్ని పద్యాలు రాలేదు! జాతీయోద్యమ కాలంలో ఆ నిట్టూర్పు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అక్కణ్ణించి టూరిజం కరపత్రాల్లోకి దిగింది. కవి, టీచరు, గైడు ముగ్గురూ చెప్పేది ఒకటే: మనకొక వైభవం ఉండేది, పోయింది, అయ్యో. విమర్శకుడు ఆ 'మనకి' దగ్గర ఆగాలి. పోగొట్టుకోవాలంటే ముందు ఉండాలి కదా. శిథిలం చూసి ఏడవడం అంటే అది మాదీ అని హక్కు చెప్పుకోవడమే. ఆ హక్కు ఎవరికుంది? లేని ఆస్తికి మన పిల్లల చేత కన్నీళ్లు పెట్టించడం చదువు అవుతుందా?

కళింగనగరం గురించి మనకి మిగిలిన రాతల్ని, రాళ్లని కాదు రాతల్ని, ఒకసారి దగ్గరగా చదువుదాం. తొలి తూర్పు గాంగుల తామ్రశాసనాలు చాలావరకు ఒకే మూసలో మొదలవుతాయి. దేవతల పురిలాంటిది, అన్ని ఋతువుల్లోనూ సుఖమిచ్చేది, రమణీయమైనది అయిన కళింగనగరం నుంచి, మహేంద్రగిరి మీది గోకర్ణస్వామి పాదాలు కొలిచే మహారాజు ఆజ్ఞాపిస్తున్నాడు అని. ఇవాళ్టి టూరిజం కరపత్రానికీ దీనికీ ఏటి తేడా? పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ల కిందట రాగిరేకు మీద చెక్కిన ప్రకటన ఇది. అన్ని ఋతువుల్లో సుఖం ఎవరికి? శ్రావణం వానలో మట్టి మోసినవాడికా?

ఆ మాట తర్వాత ఏముంటుందో చూడండి. ఫలానా ఊరిని అన్ని పన్నులూ తీసేసి ఫలానా గోత్రపు బ్రాహ్మణుడికి నీళ్లధారతో ఇచ్చాం, ఇది ఆ ఊళ్లో కూడిన కుటుంబీకులందరికీ మా ఆజ్ఞ అని ఉంటుంది. రాజు మాట్లాడేది 'కుటుంబీకుల'తో. అంటే ఇల్లూ భూమీ ఉండి, లెక్కలోకి వచ్చే గృహస్తులతో. లెక్కలోకి రానివాళ్లతో రాజుకి మాటే లేదు. ఆపైన ఊరి ఎల్లలు: తూర్పున పుట్ట, ఆగ్నేయాన చింతచెట్టు, దక్షిణాన చెరువుగట్టు, పడమట రాయి, గొయ్యి. పుట్టకి శాసనంలో చోటుంది. గొయ్యికి చోటుంది. గొయ్యి తవ్వినవాడికి లేదు. ఎల్ల కాసిన మనిషికీ లేదు. మన సోంపేట, పలాస వైపు ఊరి కాపలా కాసిన దండాసీలు ఇవాళ షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. శాసనం చదివిన పండితులు వందేళ్లుగా ఆ చింతచెట్టు ఎక్కడుందని వాదించుకున్నారు. ఆ ఎల్ల అవతల ఎవరున్నారని అడిగినవాళ్లు తక్కువ.

తామ్రశాసనం మౌనంగా వదిలేసిన మనిషిని స్థలపురాణం పేరుపెట్టి పిలుస్తుంది. కాని ఎలా పిలుస్తుందో చూడాలి. ముఖలింగం కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. శబరుల పెద్దకి ఇద్దరు భార్యలు. పెరట్లో ఇప్పచెట్టు. రాలిన పువ్వుల దగ్గర సవతుల పోరు. విసిగిన శబరుడు గొడ్డలితో చెట్టు నరికితే మొదల్లోంచి శివుడి ముఖం కనిపించింది. ఇప్పచెట్టే మధూకం, అందుకే దేవుడు మధుకేశ్వరుడు. ఈ కథలో ఇల్లు శబరుడిది, చెట్టు శబరుడిది, గొడ్డలి శబరుడిది, దేవుడూ ముందు అతనికే కనిపించాడు. మరి గుడి ఎవరిదైంది?

ఇక్కడే పురాణం తన పని చేస్తుంది. వీళ్లు నిజంగా శబరులు కారు, గంధర్వులు, ఒక ఋషి శాపంవల్ల శబరులై పుట్టారు అంటుంది. శబరుడు శబరుడిగా దేవుణ్ణి చూడడం పురాణానికి మింగుడుపడలేదు. దేవుణ్ణి చూసినవాణ్ణి పైకులానికి ఎత్తాలి, ఎత్తాక అడివి మనిషికి ఆ దర్శనంతో సంబంధం తెంచాలి. పొగడ్తలాగా వినిపించే ఈ మాట అసలు ఒక దస్తావేజు బదలాయింపు. 12వ శతాబ్దం తొలినాళ్ల చోడగంగుడి శాసనాల్లో బదలాయింపు ఇంకా పూర్తయింది. కామార్ణవుడు తన నగరంలో ఎత్తైన గుడి కట్టి, మధూకవృక్షం పేరుమీద దేవుడికి మధుకేశుడని పేరు పెట్టాడంటాయి. చెట్టు మిగిలింది, చెట్టుగలవాడు పోయాడు. అదే వంశకథలో ఇంకోచోట, తొలి కామార్ణవుడు తమ్ముళ్లతో మహేంద్రగిరి ఎక్కి, దిగివచ్చి, ఇక్కడి రాజుని చంపి కళింగాన్ని గెలిచాడని ఉంటుంది. ఆ ఓడిన రాజు పేరు ఒక పాఠంలో బలాదిత్యుడు, ఇంకో పాఠంలో శబరాదిత్యుడు. ఆ రెండో పాఠమే సరైనదైతే శాపం పెట్టిన ఋషి ఎవరో వేరే వెతకక్కర్లేదు.

శాపం అనే మాటని పట్టుకుని ఇంకో శిథిలానికి వెళదాం. సరుబుజ్జిలి దగ్గర వంశధార ప్రాంతంలోనే మట్టికోట దిబ్బ ఉంది. బౌద్ధ సాహిత్యంలో బుద్ధుడి దంతధాతువు ఉన్న నగరం దంతపురం. ఆ దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారులు అంటారు, ఒడిశాలో, బెంగాల్లో వేరే చోట్లు చూపేవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ అలా ఉంచుదాం. జనం నోట దిబ్బ పేరు దంతవక్త్రుని కోట. బుద్ధుడి దంతం కాస్తా భారతంలోని దంతవక్త్రుడైపోయింది. భువనేశ్వర్ దగ్గర 1948లో తవ్విన ప్రాచీన నగరం పేరు శిశుపాల్‌గఢ్. కళింగంలో రెండు పాత నగరాలు, రెంటికీ కృష్ణుడి చేతిలో చచ్చిన శత్రువుల పేర్లే. పురాణంలో శిశుపాల దంతవక్త్రులెవరు? వైకుంఠం వాకిలి కాసే జయవిజయులు, శాపం తగిలి పుట్టినవాళ్లు. మళ్లీ శాపం! తమది కాని నగరం కనిపిస్తే దానికి శత్రువు పేరు, తమవాడు కాని మనిషి కనిపిస్తే శాపగ్రస్తుడి పేరు. బ్రాహ్మణీయ కథనం పాడు చెయ్యాలంటే గునపం అక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. సెలవురోజు చూడబోయినవాడు ఆ కొత్త పేరునే ఇంటికి తీసుకుపోతాడు.

ఇక్కడ ఒక మనిషికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వాలి. ముఖలింగమే కళింగనగరమని నిరూపించినవాడు గిడుగు రామమూర్తి. ముఖలింగం పక్కనే పర్వతాలపేటలో 1863లో పుట్టాడు, పర్లాకిమిడిలో టీచరు. సొంతంగా శాసనలిపి నేర్చుకుని గుడి గోడలు చదివాడు. ఆయనే సవరల దగ్గర కూచుని సవర భాష నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో బడులు పెట్టాడు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. గోడ మీది సంస్కృతం, కొండ మీది సవర మాట రెండూ ఒకే మనిషి చెవిన పడ్డాయి. మన యూనివర్సిటీలు ఆ రెంటినీ విడగొట్టి ఒకటి ఎపిగ్రఫీకి, ఒకటి గిరిజన అధ్యయనానికి పంపేశాయి. గుడి ముందు శబరుడి కథ చెప్పే గైడుకి, అవతల కొండమీద సవర ఇవాళ ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవాల్సిన పని లేకుండా పోయింది.

మరి మనం చూడ్డానికి పోవచ్చా? పోతే ఏమవుతుంది? దళితుడు యాత్రికుడైతే ఏం జరుగుతుందో అంబేడ్కర్ తన అనుభవంగానే రాసిపెట్టాడు. 1934లో ఉద్యమంలోని తోటివాళ్లు, సుమారు ముప్పైమంది, ఎల్లోరా గుహలు చూద్దామని బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట. అదీ పాడుబడిన రాజధానే. కోట వాకిలి బయట నిండుగా నీళ్లున్న చెరువు. దుమ్ముకొట్టుకుపోయి వచ్చారు కనుక మొహాలు, కాళ్లు కడుక్కున్నారు. ఇంతలో ఒక ముసలాయన, అంటరానివాళ్లు చెరువుని మైల చేశారని అరుచుకుంటూ వచ్చాడు. గుంపు పోగయింది. చివరికి కోట చూడనిచ్చారు, లోపల నీళ్లు ముట్టుకోకూడదన్న షరతుమీద. ముట్టుకోకుండా చూడ్డానికి ఆయుధంతో ఒక సిపాయి వెంట నడిచాడు. కోట పాడుబడింది. అందులో రాజు లేడు, సైన్యం లేదు. మైల మాత్రం చెక్కుచెదరలేదు. కావలి కాస్తోంది కూడా. అక్కడ అడ్డుపడినవాళ్లు ముస్లిములు. హిందువుల అంటరానితనం గోడ దాటి అక్కడికీ చేరిందన్నదే అంబేడ్కర్ చెప్పదలచిన మాట.

ముఖలింగంలో మా పిల్లల వెంట సిపాయి నడవలేదు. అది చట్టం వల్ల. ఈ జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1947 నాటి ఆలయ ప్రవేశ చట్టం వచ్చాకే గుడి తలుపు దళితుడికి హక్కుగా తెరుచుకుంది. అంటే మా తాత అక్కడికి వెళ్లి ఉంటే శిల్పాల్ని ప్రహరీ అవతల నించి చూడాల్సిందే. ఆ గుడిని 'మన వారసత్వం' అని మా తాత మనవడి చేత చెప్పించేముందు ఈ ఒక్క తేదీ అయినా చెప్పాలి కదా. పురావస్తు శాఖ బోర్డు మీద శతాబ్దం ఉంటుంది, వంశం ఉంటుంది, శైలి ఉంటుంది. 1947 ఉండదు.

మిత్రులు కొందరు అంటారు: మనకి ముఖలింగం దేనికి, శాలిహుండం ఉంది కదా, అది మనది అని. ఆ ఆకర్షణ నాకూ ఉంది. కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసేచోటికి ఎగువన, కొండమీద స్తూపాలు, చైత్యాలు. 1919లో గిడుగే వాటిని వెలుగులోకి తెచ్చాడు. 1956 అక్టోబర్ 14 నాగపూర్ దీక్ష తర్వాత ఆ ఇటుకల మీద మన కాలు పడితే ఒళ్లు పులకరించడం సహజం. కాని పులకింత విమర్శ కాదు. మన గొప్ప కోసం అశోకుణ్ణి తెచ్చుకునేటప్పుడు ఆయన 13వ శిలాశాసనం పూర్తిగా చదవాలి. కళింగంలో లక్షమంది చచ్చారు, లక్షన్నరమందిని పట్టుకుపోయారు అని ఆయనే చెప్పుకున్నాడు. పశ్చాత్తాపపడ్డాడు. ఆ పశ్చాత్తాపంలోనే అడివి జనాన్ని హెచ్చరించాడు: బాధపడుతున్నాను గాని దండించే శక్తి నాకుంది, సిగ్గుపడి బుద్ధిగా ఉండండి అని. ఆ శాసనాన్ని కళింగంలోని ధౌలిలో గాని, జౌగడలో గాని చెక్కించలేదు. చచ్చినవాళ్ల ఊళ్లో చావుల లెక్క చెప్పలేదు. బుద్ధుడి ధర్మం మనది. రాజు రాయించినదంతా మనది అనుకుంటే, గాంగుల కీర్తిని మోసే మాస్టారికీ మనకీ తేడా లేదు. కొత్త గొప్ప కాదు మనకి కావలసింది, కొత్త చూపు.

ఆ చూపు ఎలాంటిదో ఉద్దానమే నేర్పింది. హాథీగుంఫా శాసనంలో ఖారవేలుడు, రాజైన మొదటి ఏడే తుఫానుకి దెబ్బతిన్న కళింగనగరి వాకిళ్లు, గోడలు, భవనాలు బాగుచేయించానని, చెరువు గట్లు వేయించి, తోటలన్నీ తిరిగి నిలబెట్టానని చెప్పుకున్నాడు. ఆ నగరం ఇప్పటి శిశుపాల్‌గఢ్ అని ఎక్కువమంది అభిప్రాయం. సుమారు రెండువేల ఏళ్లనాటి తుఫాను సహాయం జాబితా ఇది. వాకిలి ఉంది, గోడ ఉంది, తోట ఉంది. ఎగిరిపోయిన తాటాకు గుడిసె లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ మన తీరాన్ని తాకింది. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. ఆ రోజు కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకూలాయి. ఎందరో వచ్చి చూశారు, ఫొటోలు తీసుకున్నారు. పరిహారం కొబ్బరికి చెట్టు లెక్కన, జీడికి తోట లెక్కన కట్టారు. చెట్టుకి లెక్క ఉంది, చెట్టెక్కి కాయ దింపేవాడి పని పోతే దానికి లెక్క లేదు. తోటకి లెక్క ఉంది, ఆ తోట జీడిపిక్కల మీద బతికే ఆడవాళ్ల కూలికి లెక్క లేదు. మా అమ్మ వేళ్లు జీడి చమురుకి కాలి నల్లబడి ఉండేవి. యాత్రకొచ్చినవాళ్లు పలాస జీడిపప్పు పొట్లం కట్టించుకుని మురిసిపోతారు, తెల్లగా ఉందని.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. శిథిలం అనేది ఆస్తికి సంబంధించిన మాట. ఎవరికి రాయి ఉందో వాళ్లకే శిథిలం ఉంటుంది. మట్టిగోడ, తాటాకు కప్పు శిథిలం కావు, మట్టిలో కలుస్తాయి. కాబట్టి మనోలు ఎక్కడుండేవోరన్న ప్రశ్నకి జవాబు పడిపోయినదాంట్లో దొరకదు. పడిపోనిదాంట్లో వెతకాలి. గాంగులు 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి మార్చుకుపోయారు. కళింగనగరం పల్లెటూరైంది. పలాస నుంచి ముఖలింగం దాకా బస్సు దాటిన ఊళ్లు చూడండి. గుడి నడిమధ్య, చెరువు ఒకవైపు, ఊరు చివర, గాలివాలుకి అవతల, మాలపేట, పైడివీధి, రెల్లివీధి. రాజులు మారారు, సర్కార్లు మారాయి, జిల్లా పేరే గంజాం నుంచి విశాఖకి, 1950లో శ్రీకాకుళానికి మారింది. పేట మాత్రం ఎక్కడున్నది అక్కడే. మన దేశంలో అన్నిటికన్నా బాగా సంరక్షించబడిన ప్రాచీన కట్టడం ఏదంటే, ఊరి నుంచి పేటకి ఉన్న దూరం. దానికి పురావస్తు శాఖ కాపలా అక్కర్లేదు.

ఊరినే లేపి ఇంకోచోట పెడితే ఆ దూరం పోతుందా? వంగర మండలం లక్ష్మింపేట మద్దువలస రిజర్వాయరు కింద నిర్వాసితులకి కట్టిన ఊరు. అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. పాత ఊరు నీళ్లపాలైంది, కొత్త కాలనీ వెలిసింది. మునగకుండా మిగిలిన భూమిలో దళితులు సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న అయిదుగురు దళితుల్ని చంపేశారు. ఊరు మునిగింది, కులం మునగలేదు. ఆ రిజర్వాయరు అడుగున పడున్న పల్లెలూ శిథిలాలే కదా. వాటి ముందు ఏ బడి బస్సూ ఆగదు.

దళితులకి చరిత్ర యాత్రలు వద్దని నేనడం లేదు. వెళ్లాలి. చట్టం తెరిచిన తలుపుని మనమే మూసుకోకూడదు. ఆ రాయి చెక్కిన చెయ్యి, మోసిన భుజం మనవాళ్లదీ అయి ఉంటుంది. అందం చూసి ఆనందించే హక్కు ఎవరూ ఇవ్వక్కర్లేదు. కాని నిట్టూర్చడానికి కాదు, అడగడానికి వెళ్లాలి. చరిత్ర అందరిదీ, ఇందులో కులం తేవద్దు అనేవాళ్లకి ఒకటే జవాబు: మేం తేలేదు, రాగిరేకు మీద గోత్రం చెక్కిచ్చినప్పుడే వచ్చింది.

టీచర్లకీ విద్యార్థులకీ నా సూచన చిన్నది. ఈసారి ముఖలింగమో శాలిహుండమో వెళ్లినప్పుడు గుడికో స్తూపానికో ఒక పూట ఇవ్వండి, రెండో పూట ఆ ఊరి పేటకి ఇవ్వండి. అక్కడి ముసలివాళ్ల దగ్గర కూచోండి. గుడిలోకి మీ ఇంట్లో మొదట ఎవరు అడుగుపెట్టారు, ఏ ఏడు? నీళ్లు ఏ బావిలో తోడుకునేవాళ్లు? తవ్వకాల్లో కూలికి ఎవరు వెళ్లారు, ఏం దొరికింది, ఎంత ఇచ్చారు? స్థలపురాణం మీ ఇంట్లో ఎలా చెప్పుకుంటారు? రాసుకోండి. పేరు చెప్పడం వాళ్లకి ఇష్టమైతే పేరుతో రాసుకోండి. తవ్వకాల నివేదికల్లో కుండపెంకుకి నంబరుంటుంది, తవ్విన మనిషికి ఉండదు. ఆ ఖాళీ నింపేది మన నోటుపుస్తకాలే.

ఇప్పుడా పిల్ల పదకొండో తరగతి. మొన్న పలాస బస్టాండులో కనిపించింది. "మాస్టారూ, నేనడిగినదానికి మీరింకా సెప్పలేదండి" అంది. ఈ వ్యాసంలో ఉన్నదంతా నిలబెట్టి చెప్పాను. విని, "అయితే బయటేనన్నమాట" అంది. అవునన్నాను. "మరి మా అమ్మమ్మ ఊరు మందస దగ్గిరండి. మహేంద్రగిరి కనిపిస్తాది. అక్కడ ఎవర్నయినా అడిగితే సెప్తారేటి?" అంది. వచ్చే ఆదివారం వెళ్దామన్నాను.